టచ్‌డౌన్‌కి తెలుగు

"సారీ సర్, మీ మాటలన్నీ తీసేస్తున్నాం," అంది యశస్విని.

విశ్వేశ్వరరావు గారు నోటిదాకా వచ్చిన కాఫీ కప్పును కింద పెట్టేశారు. మాదాపూర్‌లో ఎనిమిదో అంతస్తు అది. అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్‌ను, అంటే కోడిగుడ్డు లాంటి బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆటను, తెలుగు కామెంటరీతో మన ఇళ్ళలోకి తెచ్చి తీరాలని కంకణం కట్టుకున్న ఆఫీసు. యశస్విని అక్కడ ప్రొడ్యూసర్. ఆట మాటలకి తెలుగు చేసిపెట్టమని ఈ రిటైరైన తెలుగు లెక్చరర్ గారిని వెతికి పట్టుకొచ్చింది కూడా ఆ పిల్లే.

"అన్నీనా అమ్మా? ఒక్కటైనా ఉంచకూడదూ?"

"బంతి పట్టుకుని చివరి గీత దాటితే టచ్‌డౌన్ కదా, దానికి మీరేం ఇచ్చారు సర్?"

"అంత్యసీమాస్పర్శ," అన్నారాయన. ఆ మాట పలికేటప్పుడు మొహం వెలిగిపోయింది.

యశస్విని నిట్టూర్చింది. "రాబిన్, ఒకసారి ప్లే చెయ్."

కామెంటేటర్ రాబిన్ పాపం మంచివాడు. పెద్దాయన వైపు చూడకుండా బటన్ నొక్కాడు. తెర మీద ఒకడు బంతి విసిరాడు. "వ్యూహసారథి కందుకప్రక్షేపం గావించగా..." అని రాబిన్ గొంతు మొదలుపెట్టేసరికి బంతి అవతలి జట్టువాడి చేతిలో ఉంది. "ప్రతిపక్షీయుడు మధ్యాపహరణం..." అనేసరికి వాడి మీద నలుగురు పడి ఉన్నారు. వాక్యం పూర్తయ్యేసరికి సబ్బు ప్రకటన వస్తోంది.

విశ్వేశ్వరరావు గారికే నవ్వొచ్చింది. ఆ వెనకే దుఃఖమూ వచ్చింది.

"పోయిన వారం కొంతమందిని పిలిచి చూపించాం కదా సర్. ఆట బాగుందన్నారు. మాటల దగ్గరే తేడా కొట్టింది. ఒకావిడైతే భక్తి కార్యక్రమం అనుకుని చెప్పులు విడిచి కూర్చుంది."

"అలవాటైతే అర్థమవుతాయమ్మా. క్రికెట్ మాటలు మాత్రం మనకి పుట్టుకతో వచ్చాయా?"

"అలవాటయ్యేదాకా జనం ఆగరు సర్, ఛానల్ మార్చేస్తారు. అమెరికా వాళ్ళు మాకు ఈ ఒక్క సీజనే ఇచ్చారు. చూసేవాళ్ళు లేకపోతే తెలుగు కామెంటరీయే ఎత్తేస్తారు. అందుకే టచ్‌డౌన్‌ని టచ్‌డౌన్ అనే అనేద్దాం. మీరు ఏమీ అనుకోకండి."

ఆ పిల్ల మాటలో తప్పు పట్టడానికేం లేదు. ఆయన్ని బాధపెట్టిందీ అదే. కక్షతో అంటే పోట్లాడొచ్చు, ప్రేమగా అంటే ఏం చేస్తాం? మూసాపేటలో ఆయన భార్య కనకలక్ష్మి గారు అపార్ట్‌మెంటంతా చెప్పేశారు, మా ఆయన మాటలు టీవీలో వస్తాయని. ఆవిడకి ఎలాగో సర్దిచెప్పుకోవచ్చు. కానీ తాను పుట్టించిన మాట ఒక్కటైనా ఎవరో ఒకరి నోట మామూలుగా దొర్లుతుంటే వినాలని ఆయన ఆశ. క్లాసులో పిల్లలు మార్కుల కోసం తప్ప ఆయన మాటల్ని ఏనాడూ పలికి ఎరగరు.

లిఫ్ట్ దిగి పార్కింగ్‌లోకి వచ్చారో లేదో, వెనక నుంచి కేక వినపడింది.

"సర్! ఓ తెలుగు సర్! జర ఆగుండ్రి!"

ట్రాక్‌సూట్ వేసుకుని, మెళ్ళో ఈల వేలాడేసుకున్న ఒకావిడ పరిగెత్తుకుంటూ వస్తోంది. ఆవిడ వెనక ఐదారుగురు ఆడపిల్లలు, నడుములకి రిబ్బన్లు.

"నా పేరు గ్రేస్ సర్. ఖాజాగూడల ఈ ఆటనే పిల్లలకు నేర్పిస్త. మాదాంట్ల మీద పడి కొట్టుకునుడు ఉండది, నడుముకున్న రిబ్బన్ గుంజితే చాలు. పోయిన వారం మీ వీడియో సూడనీకి మమ్ముల గూడ పిలిచిండ్రు. ఇయ్యాల ప్రోమో షూటింగ్‌కు వస్తే, ఆ మాటలు రాసింది మీరేనని చెప్పిండ్రు."

"ఓహో. బాగా నవ్వుకున్నారా అమ్మా?"

"నవ్వుడేంది సర్! ఆ మాటలన్ని మా పిల్లలు బట్టీ పట్టిండ్రు. వారం సంది గ్రౌండ్‌ల అవే మాటలు." గ్రేస్ వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టింది. "ఏయ్, చెప్పుండ్రే!"

"అంత్యసీమాస్పర్శ!" అని గొంతెత్తి అరిచారు పిల్లలు. "మధ్యాపహరణం! కందుకప్రక్షేపం!"

ఒక్క ఒత్తు పోలేదు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఉలిక్కిపడి లేచాడు.

విశ్వేశ్వరరావు గారి కళ్ళు నిండిపోయాయి. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. టీవీ లేకపోతే పీడాపోయె, నా మాట బతికింది, అనుకున్నారు.

"ఇంక గిట్లాంటియే కావాలె సర్. ఆదివారం చర్చి అయినంక మాకు ఫైనల్ ఉన్నది. రాసిస్తరా?"

"రాసివ్వనా తల్లీ! మాటల అర్థం మీ పిల్లలకి అంత బాగా పట్టుబడిందన్నమాట."

గ్రేస్ మొహమాటంగా ఈలను వేళ్ళ మధ్య తిప్పింది.

"మీకు అబద్ధమెందుకు చెప్పాలె సర్, ఒక్కటి గూడ సమజ్ కాలే. ఎటు ఉరకాల్నో నేను బయటికెళ్ళి ఒర్లి చెప్త గద, అది అవతల టీమోళ్ళు గూడ ఇంటరు. పోయినసారి పండ్ల పేర్లు పెట్టుకున్నం. మామిడంటే కుడిదిక్కు, జామంటే ఎడమదిక్కు. రెండుసార్లు ఇనంగనే పట్టేసిండ్రు, ఓడిపోయినం. మీ మాటలైతే ఎన్నిసార్లు ఇన్నా వాళ్ళకు యాదికుండయి. ఇప్పుడు అంత్యసీమాస్పర్శ అంటే మాకు ఎడమదిక్కుకు ఉరుకుడు!"

విశ్వేశ్వరరావు గారు కళ్ళజోడు పెట్టుకుని, జేబులోంచి పెన్ను తీశారు.

"అయితే అవి మరీ తేలికమ్మా," అన్నారు. "నాక్కూడా అర్థం కానివి రాసిస్తాను, ఉండు."