దగ్గు నేర్చిన చెయ్యి

మా ఫ్యాక్టరీలో తలుపులకు రంగు కొట్టడం ఆ మరచేతికి నేర్పింది నేనే. దాని మణికట్టు పట్టుకుని ఒక్క తలుపుకి రంగు కొట్టి చూపిస్తే చాలు, కదలికలన్నీ గుర్తుపెట్టుకుని అచ్చం అలాగే కొడుతుంది. ఖర్మ, నేర్పేటప్పుడు మధ్యలో నాకు దగ్గొచ్చి చెయ్యి అదిరింది. మళ్ళీ మొదట్నుంచీ నేర్పడానికి బద్ధకించాను. అప్పట్నుంచీ ప్రతి తలుపుకీ అదీ అక్కడే అదురుతోంది.

"నీ దగ్గు కూడా దించేసింది బావా!" అని మా బామ్మర్ది పడీపడీ నవ్వేవాడు. వాడిక్కడే ఎలక్ట్రీషియన్.

ఈ రాత్రి, రంగుగది అద్దానికి చెయ్యి ఆనించి నేను బయట్నుంచి చూస్తుండగా, అది ఒకే తలుపుకి రెండుసార్లు అదిరింది.

"నేను దగ్గింది ఒక్కసారే కదరా!" అన్నాను.

వాడు స్క్రీన్ చూశాడు. "ఇందులోనూ ఒక్కటే ఉంది. ఎవరూ ఏమీ మార్చలేదు."

అంతలో నాకు దగ్గొచ్చింది. రెండుసార్లు. వాడు నవ్వలేదు.

తర్వాతి తలుపు సగంలో ఉండగా మరచెయ్యి ఆగిపోయింది. స్ప్రే గన్‌తో సహా మెల్లగా నేలవైపు వాలి, అలాగే వేలాడింది. మోటార్ల రొద అణిగింది. గన్ మూతి నుంచి రంగు చుక్క రాలిన చప్పుడు కూడా వినిపించింది.

"కరెంటు ఉంది. అన్నీ బాగానే ఉన్నాయి. దానంతటదే ఆగింది," అన్నాడు వాడు, నావైపే చూస్తూ. "బావా, ఆ చెయ్యి దించి కాసేపు కూర్చో."

అద్దానికి ఆనించిన నా కుడిచెయ్యి ఇంకా పైనే ఉంది.

"దించను," అన్నాను.

వేళ్ళు అప్పటికే అద్దం మీద కిందికి జారుతున్నాయి.