బూడిదరంగు వాక్యం

నాచారంలోని ఆఫీసులో ఆ రాత్రి త్రివేణి ఒక్కతే మిగిలింది. మనం కోడ్ రాస్తుంటే మిగతాది ఏఐ ముందే ఊహించి బూడిదరంగులో చూపిస్తుంది కదా, ఆ టూల్‌ను మెరుగుపరచడమే ఆమె పని. కోడ్ మధ్య తెలుగులో రాసే కామెంట్లను కూడా అది పూర్తి చేస్తుందో లేదో చూడాలి. ఆమెను ఇంటికి తీసుకెళ్లడానికి అన్న నరేందర్ బోడుప్పల్ నుంచి బండి మీద బయల్దేరాడు. ఏదో ఒకటి రాయాలి కాబట్టి "మా అన్న వస్తున్నడు" అని టైప్ చేసింది.

పక్కనే బూడిదరంగులో "గాని ఈడిదాంక రాడు" అని వచ్చింది.

చెరిపేసింది. మళ్లీ అదే వచ్చింది. లేచి వెళ్లి, ఆ ఏఐ మోడల్ నడుస్తున్న సర్వర్‌నే ఆపేసింది. దాని ఫ్యాన్ల రొద ఆగి గదంతా నిశ్శబ్దమైంది. మళ్లీ చెరిపినా తెర మీద అక్షరాలు మాత్రం పోలేదు.

వెంటనే అన్నకు ఫోన్ చేసింది.

"అన్నా, యాడున్నవ్?"

"ఉప్పల్ మెట్రో కింద ఉన్న చెల్లె. వస్తున్న."

"రాకు. జర బండి ఆపు."

"ఏందే, గిట్ల భయపడ్తున్నవ్? సరే, పక్కకు ఆపిన. చెప్పు."

త్రివేణి ఊపిరి పీల్చుకుంది. అంతలో తెర మీద వాక్యం తనంతట తానే ముందుకు సాగింది. "చెల్లె ఆపమన్న కాడనే ఆగిండు."

"అన్నా, ఆడ ఉండకు! కదులు!" అని అరిచింది.

ఫోన్‌లో మెట్రో రైలు మోత నిండిపోయింది. "ఏమన్నవ్ చెల్లె? ఇనొస్తలేదు" అన్నాడు నరేందర్.

రైలు వెళ్లిపోయింది. ఆ తర్వాత అతని గొంతు కూడా వినిపించలేదు. త్రివేణి పిలుస్తూనే ఉంది. కాల్ మాత్రం ఇంకా కట్ కాలేదు.