పేజీ అడుగున సవరణ

"ఆ అబద్ధం ముద్ర తీసెయ్యమ్మా," అన్నాడు వచ్చినవాడు.

నముకోలోకు ఒళ్లు మండింది. కిట్వే పట్టణంలో ఏ మాట పుట్టినా నిజమో కాదో తేల్చి ముద్ర వేసేది ఆమె పనిచేసే పత్రికే. వేసిన ముద్ర తీసెయ్యమంటూ రోజుకొకడు తగలడతాడు.

"ఏ ముద్ర?"

"ముసోండా వాళ్లమ్మది. డ్యూటీలో డాక్టరు లేకే తన కొడుకు పోయాడని ఫేస్‌బుక్‌లో పెట్టింది. మీరు అబద్ధమన్నారు. ఇప్పుడు మార్కెట్లో ఆమె దగ్గర టమాటాలు కొనేవాడు లేడు. మొహం మీదే ఉమ్ముతున్నారు."

"డాక్టరు ఉన్నాడని ఆసుపత్రి పెద్దాయన డ్యూటీ రిజిస్టర్లో అతని సంతకం చూపించాడు."

"అది దొంగ సంతకం. డాక్టర్ని అడిగారా?"

"అక్కర్లేదు. ఇంతకీ నీకు ఈ గొడవతో సంబంధం ఉందా?"

అతను తలదించుకున్నాడు.

"ఉంది."

"అయితే నీ మాట చెల్లదు. సంబంధం ఉన్నవాళ్ల మాట మేం తీసుకోం. అది మా రూలు."

"అమ్మా, నేనెవరో విను..."

"ఎవడివైతే నాకేం? ఆమెకు అన్నవో, మొగుడివో! పోయిన పిల్లాడి పేరు చెప్పి నాలుగు క్వాచాలు గుంజుదామని చూస్తున్నారా? ఛీ, నడు!"

అతను వెళ్లాక, కూర్చున్న కుర్చీ కూడా తుడిపించింది.

మర్నాడే ఆసుపత్రి తప్పు ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో అడిగే తీరిక కూడా ఎవరికీ లేదు.

"సవరణ పెద్దగా వేద్దామండీ," అంది నముకోలో.

ఎడిటర్ కపాసా మొహం చిట్లించాడు. "పేజీ అడుగున ఒక లైను చాలు. మన పరువేం కాను?"

ముద్ర పేజీ అంత, సవరణ చీమ తలకాయంత. థూ, ఇదీ ఒక ఉద్యోగమేనా అనిపించింది ఆమెకు. తన మీద తనకే రోత పుట్టింది.

సాయంత్రం మార్కెట్‌కు వెళ్లింది. ముసోండా వాళ్లమ్మ కుళ్లిన టమాటాలు ఏరి పారేస్తోంది.

"సవరించామక్కా. క్షమించు. మీ అన్నకు కూడా చెప్పాలి. నిన్న నానా మాటలూ అన్నాను."

"ఏ అన్న?"

"నీ తరఫున మా దగ్గరికొచ్చాడే, గుబురు గడ్డం, కుంటి నడక..."

ఆమె చేతులు ఆగిపోయాయి.

"వాడా? మీరు గెంటేశాక నేరుగా ఇక్కడికే వచ్చాడు. నడిబజార్లో నిలబడి, ఈమె చెప్పింది నిజమని గొంతు చించుకున్నాడు. జనం మీదపడి కుమ్మేశారు. పొద్దున్నే పోయాడట."

"అయ్యో! నీకోసం ప్రాణమిచ్చాడు. ఏమవుతాడక్కా నీకు?"

ఆమె నముకోలోను అసహ్యంగా ఎగాదిగా చూసింది.

"నా కొడుకు చచ్చిపోయిన రాత్రి బార్లో తాగుతూ కూర్చున్న డాక్టరు!"