మూడు అంకెల యంత్రం

"టీచర్, ఇక నాదే మిగిలింది," అంటూ, క్లాసులో అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల తన ట్యాబ్‌ను బల్ల మీద పెట్టింది.

ఆరో పీరియడు. సైన్సు టీచరు గొంతు పొద్దున్నే బొంగురుపోయింది. 'ఏదైనా యంత్రం ఎలా పనిచేస్తుందో మీ బుర్రతో ఆలోచించి వీడియో తీయండి' అని పిల్లలకు ట్యాబులిచ్చిన పాపానికి, ఇప్పటిదాకా ఇరవై మిక్సీలూ పన్నెండు ఫ్యాన్లూ చూసింది.

"మళ్లీ మిక్సీయేనా తల్లీ?"

"కాదు టీచర్. మీరే."

క్లాసు కిసుక్కుమంది. ట్యాబ్ తెర మీద పాఠం చెబుతూ టీచరే. వెనకనుంచి పిచ్చుక గొంతు: "ఈ యంత్రం ప్రశ్న వేస్తుంది. మూడు అంకెలు లెక్కపెట్టేలోపు జవాబూ తనే చెప్పేస్తుంది. మేం రాసుకుంటాం. ఐదుసార్లు చూశాను, ఒక్కసారీ నాలుగు దాకా రాలేదు."

టీచరుకు ఒళ్లు మండింది. "మీరు నోరు విప్పి ఏడిస్తే కదా!"

"ఇంకాస్త ఆగితే విప్పుతామేమో టీచర్." పిచ్చుక వెక్కిరించడం లేదు.

టీచరు బల్ల పట్టుకుని నిలబడింది. "సరే. ఈ యంత్రాన్ని బాగుచేయాలంటే ఏం చేయాలి?"

ఒకటి. రెండు. మూడు. జవాబు నాలుక చివరికొచ్చేసింది. పెదవులు బిగబట్టింది. ఆరు. తొమ్మిది.

పన్నెండు దగ్గర, ఏడాదంతా గొంతు వినిపించని వెనక బెంచీ పిల్ల లేచింది.

"మా మిక్సీ వేడెక్కితే అమ్మ కాసేపు ఆపేస్తుంది టీచర్. మీరూ కాసేపు కూర్చోండి. అందాకా మేం ఆలోచిస్తాం."

టీచరు కుర్చీ లాక్కుంది.