వాగు అవతలి పచ్చిక

గడ్డి పలచగా మొలిచే ఆ బీడులో దున్నపోతుకు ఎప్పుడూ పేడపురుగుల మీదే కన్ను. "నా పేడను ఉండలు చుట్టి ఎక్కడికి దొర్లించుకుపోతున్నార్రా?" అని ఒకనాడు నిలదీసింది.

"మట్టిలో పాతుకుంటాం మామా. మా పిల్లలు తినగా మిగిలింది నీ నేలకే," అంది ఓ పురుగు.

ఇందులో ఏదో మతలబు ఉందనుకుంది దున్న. కొమ్ములతో గుంటలన్నీ పెళ్లగించింది. పేడ తప్ప ఏమీ దొరకలేదు. దాంతో అనుమానం ఇంకా ముదిరి, పురుగులన్నిటినీ వాగు అవతలి మంద దగ్గరికి తరిమేసింది.

రెండు వానలు పడ్డాక అవతల మోకాలెత్తు పచ్చిక లేచింది. ఇవతల పేడంతా పైనే పిడకలు కట్టి, కింద ఒక్క పరకా మొలవలేదు.

దున్న అటు చూసి తల పంకించింది. "నేననుకున్నంతా అయింది. పోతూ పోతూ నా గడ్డి కూడా ఎత్తుకుపోయారు."