చావనన్న రాజు

"ఇవాళ నేను చచ్చేది లేదు!" అన్నాడు రాజు వేషగాడు, కిరీటం సర్దుకుంటూ.

నాటకం మొదట్లోనే జోస్యురాలు చెప్పేస్తుంది, రాజు కన్నకొడుకు చేతిలో చస్తాడని. ఆ జోస్యురాలి వేషం వేసేది ఆయన భార్యే. చివరి అంకంలో వచ్చి పొడిచే యువరాజు వేషం ఆయన సొంత కొడుకుదే. ఏళ్ల తరబడి చచ్చేది ఈయన, చప్పట్లు వాడికి! ఒళ్ళు మండి, స్టేజీ ఎక్కొద్దని వాణ్ణి ఇంకో పనిలో పెట్టాడు.

చివరి అంకం వచ్చింది. యువరాజు రాలేదు. రాజు మీసం మెలేశాడు.

"ఏమే, నీ జోస్యం ఏట్లో కలిసిందా?"

జోస్యురాలు గొంతు తగ్గించింది. "జనం లేచిపోతున్నారు. కాస్త పడిపోండి."

"పడను."

ఆవిడ విసిగిపోయి, తెర దించమని పక్కకి సైగ చేసింది. తెర దబ్బున దిగింది. దాని అడుగున బరువుకి కట్టిన కర్ర రాజు నడినెత్తిన పడింది. రాజు కుప్పకూలాడు. హాలంతా ఈలలు, చప్పట్లు.

తెర వెనక ఆయన ఒక కన్ను తెరిచాడు. "విన్నావా? చప్పట్లు నాకే! వాడు స్టేజీ ఎక్కందే నీ జోస్యం ఎలా ఫలిస్తుందే?"

ఆవిడ బొప్పి మీద తడిగుడ్డ అద్దింది.

"తెర తాడు దగ్గర వాణ్ణి కూర్చోబెట్టింది మీరే కదండీ!"