బుధవారం పదింటిలోగా

కారు సిల్యె నడుపుతోంది. తల్లి బిర్గిట్ పక్క సీట్లో కూర్చుని, ఒళ్లో మ్యాపు పరుచుకుని, అవసరం లేకపోయినా దారి చెబుతోంది.

ఆదివారం రీబె ఊళ్లోని పాడుబడ్డ కోటతో మొదలుపెట్టారు. అక్కణ్ణించి ఏగెస్కోవ్ కోట. ఆ తర్వాత న్యూబోర్. బుధవారం పొద్దున పది గంటలకు సీలాండ్‌లో, ఒక పాత గఢీ గేటు దగ్గర తల్లీకూతుళ్లు విడిపోవాలి. ఎనిమిది నెలలపాటు.

ఈ కోటలన్నీ చూద్దామని సిల్యెకి ఏడేళ్లప్పుడు ఇద్దరూ కాగితం మీద రాసుకున్నారు. పన్నెండేళ్లుగా ప్రతి వేసవికీ ఏదో ఒకటి అడ్డం వచ్చింది. వెళ్లాల్సిన తేదీతో మొన్నీమధ్య ఉత్తరం అందాక, ఇక వాయిదా వేయడానికి వేసవి మిగల్లేదు.

నిజానికి బిర్గిట్ ధ్యాస కోటల మీద లేదు. ఫిబ్రవరిలో జరిగినదానికి తానే కారణమని సిల్యె నమ్ముతోంది. ఆ నమ్మకాన్ని బుధవారం పదింటిలోగా పిల్ల లోపలినుంచి తీసెయ్యాలి. ఆ తర్వాత పక్కన కూర్చుని చెప్పే వీలుండదు.

రీబెలో వాళ్లు దిగిన బస యజమానురాలు మాటకారి. సోమవారం పొద్దున రై రొట్టె, జున్ను బల్ల మీద పెడుతూ గుమ్మం దగ్గరున్న సంచిని చూసింది. అందులో కొత్త తువ్వాళ్లు, ఇంట్లో వేసుకునే చెప్పులు. ఆగస్టు నెల. ఎదురుగా ఇరవై నిండని పిల్ల. పరీక్షల్లేని వసతి బడులకు ఆ ఈడువాళ్లు అలాంటి సంచులతోనే వెళ్తారు. ఆమె ఏటా చూస్తూనే ఉంది.

"ఏ బడమ్మా?" అని అడిగింది.

"సీలాండ్‌లో," అంది బిర్గిట్. "ఒక పాత గఢీ."

"అవన్నీ గఢీలేగా. ఎన్నాళ్లు?"

"ఎనిమిది నెలలు."

"మావాడు ఆరు నెలలకే గిటారు పట్టుకుని, గడ్డం పెంచుకుని వచ్చాడు. ఫోన్లు రానిస్తారా?"

"రానివ్వరు."

"మంచి పని. మొదటి వారం పిల్లలు ఏడుస్తారు. తర్వాత అమ్మలు ఏడుస్తారు." ఆమె సిల్యె వైపు తిరిగింది. "కారు కూడా నీ చేతే నడిపిస్తోందా? మీ అమ్మ మహారాణిలా కూర్చుందే."

సిల్యె చేతిలోని రొట్టె పళ్లెంలో పెట్టేసింది. బిర్గిట్ నవ్వి, ఇంకాస్త కాఫీ పోసుకుంది.

ఏగెస్కోవ్‌లో పై అంతస్తులన్నీ ఎక్కారు. గోపురం కింద, అటక మీద, దిండు వేసుకుని ఒక కొయ్య మనిషి పడుకుని ఉన్నాడు. వాణ్ణి కదిపితే క్రిస్మస్ రాత్రి కోట మొత్తం చుట్టూ ఉన్న చెరువులో మునిగిపోతుందట. సిల్యె వాడి వైపు చాలాసేపు చూసింది.

"ఎవరూ కదపరు కాబట్టే నిలబడి ఉందన్నమాట. మనింటిలాగా," అంది.

"అయితే మనం కదుపుదాం. ఫిబ్రవరి గురించి మాట్లాడు."

"ఏముంది మాట్లాడ్డానికి? ఆ రెండు ముక్కలు నేను రాయకపోతే ఏమీ అయ్యేది కాదు."

"రాయడం తప్పు కాదు."

"నేను వెళ్లే డాక్టరమ్మ కూడా అచ్చం ఇదే అంది. ఇద్దరూ కూడబలుక్కున్నారా?"

బిర్గిట్‌కి ఒకటి అర్థమైంది. తప్పు తనదే అనుకున్నంతసేపూ పిల్లకి చేయడానికి ఒక పని ఉంటుంది. అది లాగేసుకుంటే మిగిలేది వట్టి దుఃఖం. దానితో ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియదు. అందుకే ఓదార్పు మాట ఏదైనా సరే సిల్యె చేతికి తగిలి కింద పడిపోతోంది.

మంగళవారం న్యూబోర్‌కి పొలాల మధ్య దారిలో వెళ్లారు. ముందు ఒక ముసలాయన సైకిలు మీద పోతున్నాడు. సిల్యె ఆయన్ని దాటలేదు. ఆయన వేగంతోనే, ఎంతో వెనకగా, రెండు మైళ్లు నడిపింది. వెనక మూడు కార్లు చేరాయి. ఆయన ఒక గేటులోకి తిరిగిపోయేదాకా బిర్గిట్ కళ్లు మూసుకునే ఉంది.

సాయంత్రం న్యూబోర్ కోట గట్టు మీద కూర్చుని ప్లమ్ పళ్ల కేకు తిన్నారు. సిల్యె దాన్ని రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క తల్లి వైపు తోసింది. ఆ రోజంతటిలో ఆమె తల్లికి చెప్పింది ఏదైనా ఉంటే అదొక్కటే.

బుధవారం సముద్రం మీది వంతెన దాటారు. పది కావడానికి పావుగంట ఉండగా గఢీ కనిపించింది. ఎర్ర ఇటుకలు, ఎండిన కందకం, నున్నగా కత్తిరించిన పొదల కంచె. ముందే ఇంకో కారు ఆగి ఉంది. దాని పక్కన ఒక కుర్రవాడు సంచి కింద పెట్టి, ఒక అమ్మాయిని పట్టుకుని వదలడం లేదు.

సిల్యె ఇంజను ఆపింది. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

"తప్పు చెరిసగం పంచుకుందాం, అమ్మా. అంతకన్నా తగ్గించుకోలేను."

నాలుగు రోజుల్లో పిల్ల ఒక్క మెట్టు దిగడం ఇదే మొదటిసారి. బిర్గిట్ ఒళ్లోని మ్యాపు మడిచి పక్కన పెట్టింది.

"సగం కూడా వద్దు. మొత్తం నాకు వదిలెయ్. ఈ ఎనిమిది నెలలూ నాకు వేరే పనేముంది?"

సిల్యె ముఖం వంకరపోయింది. ఆమె ఏడ్చింది. ఫిబ్రవరి తర్వాత మొదటిసారి, చిన్నపిల్లలా, వెక్కుతూ. బిర్గిట్ ఆమె తల తన భుజానికి ఆనించుకుని, లోపలెక్కడో గడియారం మోగేదాకా అలాగే ఉంది.

పది కొట్టగానే, కారు నడుపుతూ కూతురి మెసేజ్ చదివి సైకిలు మీది మనిషిని గుద్ది చంపిన బిర్గిట్, పోలీసులెవరూ వెంట లేకుండా, చెప్పిన రోజున చెప్పిన గంటకు, సంచి భుజాన వేసుకుని తన శిక్ష అనుభవించడానికి, ఇప్పుడు జైలుగా మారిన ఆ గఢీలోకి నడిచి వెళ్లింది.